నాలుగు బోల్టులు

మార్చి పదకొండు, మంగళవారం. ఆ రోజు మధ్యాహ్నం షెడ్డులో అందరూ తిన్నది ఉల్లిపాయలు దండిగా వేసి వేయించిన గుడ్లు, అన్నం. పిట్ట మేస్త్రికి అది అంత బాగా గుర్తుండిపోవడానికి కారణం, ఆయన ఆ గుడ్లు తినకపోవడమే. అవి వేగుతున్న వేళకి ఆయన ఒక కారు డిక్కీలో మోకాళ్ళు గడ్డానికి ఆనించుకుని, కుడి భుజం మీద ఒరిగి పడుకుని ఉన్నాడు. డిక్కీ మూసి ఉంది. తాళంచెవి షెడ్డు ఓనరు, భార్యకి అన్నగారు అయిన బావ జేబులో ఉంది. ఎవరో ఫోను చేస్తే బావ మాట్లాడుతూ మాట్లాడుతూ స్కూటరెక్కి వెళ్ళిపోయాడు.

ఉల్లిపాయల వాసన ముందు ఎడమ మూల నుంచి వచ్చింది. వాసన లోపలికి దూరిందంటే అక్కడ రబ్బరు సరిగ్గా పట్టలేదన్నమాట. మేస్త్రి చీకట్లో తడుముకుని ఆ మూలన సుద్దతో గీత గీశాడు. దానికోసమేగా లోపలికి వచ్చింది. తర్వాత ఎవరో "ఉప్పు తక్కువైందిరా" అనడం, ఇంకెవరో నవ్వడం వినిపించాయి. అప్పుడు పిలిచాడు. పక్క షెడ్డులో గ్రైండింగ్ మిషను నడుస్తోంది. పిడికిలితో మూత మీద కొట్టాడు. పొద్దస్తమానం రేకులు కొట్టే చోట ఇంకో రేకు చప్పుడు ఎవరి చెవికి ఆనుతుంది? పెయింటరు చెయ్యి కడుక్కుంటూ "పిట్టన్న తినడానికి రాలేదేంటి?" అని అడిగేదాకా, ఆ తర్వాత బావ వెనక్కి వచ్చేదాకా, అంతా కలిపి యాభై నిమిషాలు.

డిక్కీ తెరవగానే బావ నడుం మీద చేతులు పెట్టుకుని, "ఏం పిట్టా, లోపల గుడ్లు పెట్టావా?" అన్నాడు.

షెడ్డంతా నవ్వింది. మేస్త్రి కూడా నవ్వాడు. కాళ్ళు తిమ్మిరెక్కి దిగలేకపోతే బావే చంకల కింద చేతులు వేసి ఎత్తి దించాడు. వీధి చివర హోటలుకి తీసుకెళ్ళి, తను తినకుండా ఎదురుగా కూర్చుని, కడుపునిండా తినిపించాడు. గుడ్ల హాస్యం ఒక వారం నడిచి ఆగిపోయింది.

ఆగనిది ఏమిటో ఎవరికీ తెలియదు. మేస్త్రి ఇంట్లో స్నానాల గది గొళ్ళెం వేయడం మానేశాడు. బస్సులో లోపల సీటు ఖాళీగా ఉన్నా మెట్ల దగ్గరే నిలబడుతున్నాడు.

ఆ నల్ల కారు మూడు వారాల తర్వాత, ఒక సోమవారం ఉదయం వచ్చింది. డెబ్భై ఏళ్ళ నాటి బండి. తాబేలు వీపులాంటి డిక్కీ, పాత బీరువాలకి ఉండేలాంటి బరువైన పిడులు. నడుపుకుంటూ వచ్చినాయన రిటైరైన పళ్ళ డాక్టరు. షెడ్డు ముందున్న గతుకులో చక్రం పడగానే బండి ఈ చివర నుంచి ఆ చివరిదాకా గలగలలాడింది.

"విన్నారుగా," అన్నాడు డాక్టరుగారు దిగుతూ. "నా దగ్గరికొచ్చిన పళ్ళు కూడా ఇంత కదిలేవి కావు."

"పళ్ళైతే మీరు పీకి పారేస్తారు సార్. మేం ఊడింది మళ్ళీ కూర్చోబెట్టాలి," అన్నాడు బావ. ఎవరితోనైనా రెండో మాటకల్లా చనువు తెచ్చుకోగలడాయన.

డాక్టరుగారు నవ్వి, వెంటనే గంభీరమయ్యాడు. "ఇంజను బ్రహ్మాండంగా ఉంది. నా బాధల్లా ఈ చప్పుడు. మా ఆవిడకి తలకి ఆపరేషనైంది. ఎనిమిది నెలలుగా గడప దాటలేదు. వంటింట్లో గరిటె కింద పడితే చెవులు మూసుకుని కూర్చుంటుంది. శనివారం పొద్దున్నే వాళ్ళ అక్కగారింటికి తీసుకెళ్తానని మాటిచ్చాను. నాలుగు గంటల ప్రయాణం. వేరే బండి మాట్లాడతానంటే వద్దంటోంది. ఇదైతేనే ఎక్కుతుందట."

"శుక్రవారం సాయంత్రానికి మీ బండిలో చీమ తుమ్మినా వినపడుతుంది. మా పిట్ట ఉన్నాడుగా! డిక్కీలో పడుకోబెట్టి అలా ఒక చుట్టు తిప్పితే చాలు, ఏ నట్టు ఏం గొణుగుతోందో చెప్పేస్తాడు."

డాక్టరుగారు తన భుజం ఎత్తుకి కూడా రాని ఆ మనిషిని చూశాడు. నెరిసిన మీసం చూశాడు. "డిక్కీలోనా?" అన్నాడు.

"ఇరవై రెండేళ్ళుగా అలవాటే సార్," అన్నాడు బావ.

మేస్త్రి వెనక తలుపు అంచున ఉన్న పాత రబ్బరుని బొటనవేలితో నొక్కుతున్నాడు. అది మాడిన రొట్టె అంచులా పొడిపొడిగా రాలింది.

ఆ రోజంతా పాతది పీకడంతోనే సరిపోయింది. నాలుగు తలుపుల చుట్టూ ఉన్న రబ్బరు బీడింగు, అద్దాలు పైకీ కిందకీ జారే గాడుల్లోని ఫెల్టు, అద్దాన్ని అటూ ఇటూ ఒత్తిపట్టే ముఖమల్ పట్టీలు, బానెట్టు ఆనే చోట వేసిన నేత పట్టీ, డిక్కీ మూత కింద రబ్బరు బుడిపెలు, అన్నీ పోయాయి. కొన్ని చోట్ల రబ్బరు పోయి బంక మాత్రం నల్లటి రాయిలా మిగిలింది. మేస్త్రి ఇనప పనిముట్టు వాడడు. గీత పడితే అక్కడ తుప్పు మొదలవుతుంది. వెదురు బద్ద చెక్కి, కిరోసిన్లో ముంచిన గుడ్డతో తడుపుతూ, గోకుతూ, తుడుస్తూ తలుపు చుట్టూ మోకాళ్ళ మీద తిరిగాడు.

మంగళవారం కొత్త రబ్బరు వేశాడు. చుట్ట విప్పి ఎండలో పరిచి, ఒంపులన్నీ పోయాక, కింది నుంచి మొదలుపెట్టాడు. అతుకు ఎప్పుడూ కింద రావాలి. పైన వస్తే వాన నీళ్ళు అక్కడే దారి వెతుక్కుంటాయి. సబ్బు నీళ్ళు రాసి, రెండు వేళ్ళతో కొంచెం కొంచెంగా గాడిలోకి ఒత్తుకుంటూ పోయాడు. ఎక్కడా సాగదీయలేదు. చివర అర అంగుళం ఎక్కువే ఉంచి, దాన్ని కూడా లోపలికే కుక్కాడు.

"అంత ఎక్కువ ఎందుకన్నా? కోసెయ్యరాదూ?" అన్నాడు పెయింటరు, బీడీ ఆర్పుతూ.

"లాగి సరిపెట్టిన రబ్బరు ఊరుకోదు. ఆర్నెల్లలో వెనక్కి ముడుచుకుని మూలలు వదిలేస్తుంది."

"మా ఆవిడ కూడా అంతే. లాగితే పుట్టింటికెళ్ళిపోతుంది."

మేస్త్రి నవ్వాడు. తలుపు వేసి చూశాడు. వేయలేకపోయాడు. కొత్త రబ్బరు బిగువుకి తలుపు రెండు వేళ్ళ దూరంలో ఆగి వెనక్కి తన్నింది. అది మంచిదే. అద్దం ఒక వేలెడు దించి, లోపలి గాలికి దారిచ్చి, అరచేత్తో మెల్లగా నొక్కాడు. పట్టింది. ఈ మూడు రాత్రులూ ఇలా మూసి ఉంచితే రబ్బరు తన చోటు తను చూసుకుంటుంది.

బుధవారం డిక్కీ వంతు వచ్చింది.

మూత చుట్టూ రబ్బరు వేయడం పూర్తయ్యేసరికి మధ్యాహ్నం దాటింది. ఇక మామూలుగా జరగాల్సిందేమిటంటే, మేస్త్రి లోపల పడుకోవాలి, మూత మూయాలి, బయట ఎవరైనా లైటు పట్టుకుని అంచు వెంబడి తిప్పాలి. లోపల ఎక్కడ వెలుగు గీతలా కనిపిస్తే అక్కడ సుద్ద గుర్తు పెట్టాలి.

బావ లైటు వైరు విప్పుతూ వచ్చాడు. "పిట్టా, దూరు."

మేస్త్రి డిక్కీ ముందు నిలబడి లోపలికి చూశాడు. శుభ్రంగా తుడిచిన నల్లటి అడుగు, కొత్త రబ్బరు వాసన. చేతిలోని సుద్దముక్క చెమటకి మెత్తబడుతోంది. "కాగితం పెట్టి చూస్తాను బావా," అన్నాడు. "అంచంతా కాగితం ముక్కలు పెట్టి మూసి లాగుతాను. వదులున్న చోట జారి వచ్చేస్తాయి."

"నలభై చోట్ల కాగితాలు పెట్టి, నలభై సార్లు మూసి తెరిచి... ఎందుకొచ్చిన గోల? రెండు నిమిషాల పని."

"ఓనరుగారూ," అని అరిచాడు పెయింటరు, తను పని చేస్తున్న ఎర్ర వ్యాను పక్క నుంచి తల కూడా ఎత్తకుండా. "దాని లోపలి అంచుకి ఇందాకే తుప్పు మందు రాశాను. రేపటిదాకా ఎవరూ తాకకండి. పిట్టన్న చొక్కా పోతుంది."

బావ విసుక్కుంటూ వైరు మళ్ళీ చుట్టి వెళ్ళిపోయాడు. మేస్త్రి అంచు మీద వేలు పెట్టి చూశాడు. పొడిగా ఉంది. అక్కడ ఎవరూ ఏమీ రాయలేదు. పెయింటరు వైపు చూశాడు. అతను వ్యాను డోరుకి గరుకు కాగితం రుద్దుకుంటూ ఈల వేస్తున్నాడు.

నలభై కాదు, యాభై రెండు కాగితాలు పట్టాయి. మూడు చోట్ల జారాయి. ఆ మూడు చోట్లా అంచుని చెక్క సుత్తితో కాస్త సరిచేశాడు. సాయంత్రం బావ కారు బయటికి తీశాడు. పక్క సీట్లో మేస్త్రి కూర్చున్నాడు, అద్దం పూర్తిగా దించుకుని. వీధి చివరి గతుకుల దాకా వెళ్ళి వచ్చారు. తలుపులు మాట్లాడలేదు. అద్దాలు మాట్లాడలేదు. బానెట్టు గప్‌చుప్. కానీ వెనకెక్కడో టక్ టక్ టక్ మని, ఎవరో వేలి గోటితో బల్ల మీద కొడుతున్నట్టు.

"ఇంకోటి మిగిలింది. రేపు మందు ఆరాక నువ్వు లోపల పడుకో, పట్టేద్దాం," అన్నాడు బావ తేలిగ్గా.

గురువారం పొద్దున్నే బావ రాకముందే మేస్త్రి షెడ్డుకొచ్చి స్టెప్నీ బిగింపు విప్పి కింద రబ్బరు ముక్క వేసి మళ్ళీ బిగించాడు. జాకీకి గుడ్డ చుట్టాడు. నంబరు ప్లేటు వెనక ఫెల్టు అతికించాడు. బావ వచ్చాక, "దొరికింది బావా. స్టెప్నీ," అన్నాడు. తన పని గురించి అబద్ధం చెప్పడం ఆయనకి ఇదే మొదలు.

మళ్ళీ బండి తీశారు. టక్ టక్ టక్.

బావ బండి పక్కకి ఆపాడు. "ఏంటి పిట్టా? విని చెప్పావా, ఊహించి చెప్పావా?"

మేస్త్రి గోళ్ళ సందుల్లోని బంక గీక్కున్నాడు.

"నీ చెవి మీద నమ్మకంతోనే కదా నేను కస్టమర్లకి మాటిచ్చేది! ఏమైంది నీకు, వయసు మీద పడిందా?" అంతలో ఫోను మోగింది. డాక్టరుగారు. బావ గొంతు వెంటనే మారింది. "అయిపోయినట్టే సార్... అబ్బే, ఒక చిన్న చప్పుడు... అలాగా?" ఫోను పెట్టేసి కాసేపు స్టీరింగు మీద వేళ్ళు ఆడించాడు. "ఆవిడ నిన్ననే బట్టలు సర్దుకుందట. పొద్దున్న లేచి మడతలు విప్పి మళ్ళీ సర్దుతోందట. విన్నావా? సాయంత్రం లోపల దూరు. ఇంక సాకులు చెప్పకు."

సాయంత్రం నాలుగింటికి డిక్కీ తెరిచి ఉంది. మేస్త్రి చెప్పులు విడిచాడు. సుద్దముక్క జేబులో వేసుకున్నాడు. కుడి కాలు లోపల పెట్టాడు. పెట్టగానే కాలి కింద రేకు చిన్నగా లొడుక్కుమంది. ఆయన ఆ కాలు అక్కడే ఉంచి, రెండో కాలు నేల మీద ఉంచి, చాలాసేపు అలాగే నిలబడ్డాడు. సైకిలెక్కబోతూ ఏదో గుర్తొచ్చిన మనిషిలా ఉన్నాడు.

"ముహూర్తం చూసుకుంటున్నావా?" అన్నాడు బావ.

"ఒంట్లో బాలేదు బావా." కాలు బయటికి తీశాడు. ముఖం నిండా చెమట. అది అబద్ధంలా కనిపించలేదు, అబద్ధం కాదు కాబట్టి.

బావ ఆయన నుదురు మీద చెయ్యి వేసి చూశాడు. "జ్వరం లేదే. ఇంటికెళ్ళి పడుకో. మాత్ర పంపిస్తాను. పొద్దున్నే మాత్రం..." వాక్యం పూర్తి చేయలేదు. చేయాల్సిన అవసరం లేదు.

మేస్త్రి ఇల్లంటే బావ ఇంటి వెనక రెండు గదులు. వాటికి బావ ఏనాడూ అద్దె అడగలేదు. ఎవరైనా ఆ మాటెత్తితే, "మా చెల్లెలి దగ్గర అద్దేంటయ్యా?" అని కసురుకుంటాడు. అదే చిక్కు. అడిగి ఉంటే ఇవ్వొచ్చు, ఇచ్చినవాడు కాదని కూడా అనొచ్చు. బావ ఇంట్లో ఆయన్ని "బావా" అంటాడు, షెడ్డులో "పిట్టా" అంటాడు. రెండింటిలోనూ ప్రేమ ఉంది. రెండింటికీ కాదని చెప్పే మాట మేస్త్రి దగ్గర లేదు.

భార్య కిటికీ దగ్గర కూర్చుని ఆయన చొక్కాకి గుండీ కుడుతోంది. ఆవిడా చిన్న మనిషే. పెళ్ళిలో ఇద్దర్నీ పక్కపక్కన నిలబెట్టి, ఒకే కొలత మీద కుట్టించారని నవ్వారట జనం. బావ పంపిన మాత్ర బల్ల మీద, నీళ్ళ గ్లాసు పక్కన అలాగే ఉంది.

"ఏవండీ," అంది తలెత్తకుండా. "స్నానాల గది గొళ్ళెం పాడైందా?"

"లేదే."

"మరి నెల్లాళ్ళుగా వేయడం లేదు మీరు."

ఆయన కిటికీలోంచి బయటికి చూశాడు. ఆవిడ గుండీలో సూది గుచ్చి ఆగింది.

"గాలాడక కాదు," అన్నాడు చివరికి. "గాలి ఆడుతుంది, నాకు తెలుసు. రబ్బరు పట్టలేదుగా, వాసన కూడా వచ్చింది. చస్తానని కూడా అనుకోలేదు. వాళ్ళు తింటున్నారు. ఉప్పు తక్కువైందని మాట్లాడుకుంటున్నారు. నా గురించి ఒక్కళ్ళూ అనుకోవడం లేదు. నేను అసలు లేనట్టే ఉంది. ఆ చప్పుడే చెవుల్లో ఉండిపోయింది."

"మీరు లోపల గుడ్లు పెట్టారని నవ్వుతూ చెప్పాడు అన్నయ్య. అంతసేపని చెప్పలేదు." ఆవిడ గొంతులో ఏ మార్పూ లేదు. "ఇకమీదట దూరనని చెప్పలేకపోయారా?"

"ఏమని చెప్పను? యాభై ఏళ్ళొచ్చాయి, చీకటికి భయపడుతున్నాననా?"

"నవ్వుతాడని భయమా?"

"నవ్వుతాడు. నవ్వి, తీసుకెళ్ళి టీ తాగిస్తాడు." ఆయన అరచేతులు చూసుకున్నాడు. గోళ్ళ సందుల్లో నల్లటి బంక. "ఆ డాక్టరుగారి ఆవిడ బట్టలు సర్దుకుని కూర్చుందట. పొద్దున్న దూరతాలే. కళ్ళు మూసుకుంటే రెండు నిమిషాలు."

ఆవిడ దారం పంటితో కొరికి తెంపింది. గుండీని లాగి చూసి, చొక్కా మడత పెట్టి ఆయన పక్కన పెట్టింది.

శుక్రవారం ఉదయం పది గంటలకి ఆవిడ క్యారేజీ పట్టుకుని షెడ్డులోకి వచ్చింది. ఎప్పుడూ వచ్చింది కాదు. పది గంటలు అన్నం వేళా కాదు. పెయింటరు చేతిలోని బ్రష్షు దించి లేచి నిలబడ్డాడు. బావ డిక్కీ మూత పైకెత్తి పట్టుకుని, "రా పిట్టా," అంటున్నవాడల్లా చెల్లెల్ని చూసి ఆగాడు.

"ఏంటి చెల్లాయ్, ఇలా వచ్చావ్?"

"ఈ బండేనా అన్నయ్యా?"

"ఇదే. చూశావా, ఎలా ఉందో!"

ఆవిడ క్యారేజీ బల్ల మీద పెట్టింది. కొంగు నడుముకి చుట్టి దోపుకుంది. చెప్పులు విడిచి పక్కపక్కన సర్ది పెట్టింది. బంపరు మీద ఒక కాలు వేసి, అంచు పట్టుకుని, పుట్టింటి అటక ఎక్కినంత తేలిగ్గా డిక్కీలోకి ఎక్కి కూర్చుంది.

"ఏయ్! ఏంటిది? దిగు దిగు, బట్టలు పాడవుతాయి."

"నేనూ పొట్టిదాన్నేగా. చెవులు కూడా బానే వినిపిస్తాయి." ఆవిడ కుడి భుజం మీద ఒరిగి మోకాళ్ళు ముడుచుకుంది. "ఆయనకి ఒంట్లో బాలేదు. ఎక్కడ మోగుతోందో నేను విని చెబుతాను. మూసెయ్."

"నీకేమన్నా పిచ్చా?"

"మూసెయ్ అన్నయ్యా. మూసి నడుపు. రేపు ఆవిడ ఊరెళ్ళాలిగా."

బావ మేస్త్రి వైపు తిరిగాడు. "ఏంటి బావా ఇది? నువ్వైనా చెప్పు." షెడ్డులో ఆయన నోటి వెంట ఆ పిలుపు రావడం అదే మొదటిసారి. మేస్త్రి చెప్పబోయాడు. భార్య ఆయన వైపు చూడనైనా చూడలేదు. అన్నగారినే చూస్తోంది.

"సరే, నీ ఇష్టం. సరదా తీరుతుంది," అన్నాడు బావ, నవ్వులాంటిది నవ్వి. మూత కిందికి లాగాడు. నీడ ఆవిడ పాదాల మీద పడింది, మోకాళ్ళ మీదికి పాకింది, గడ్డం దాకా వచ్చింది. చీకట్లో ఆవిడ తలపిన్ను, రెండు కళ్ళు మిగిలాయి. మూత అక్కడ ఆగిపోయింది. లోపలి స్ప్రింగు కిర్రుమంది.

"ఊపిరాడదే నీకు," అన్నాడు.

"ఆడుతుందటగా. ఇరవై రెండేళ్ళుగా ఆడుతోందటగా."

పెయింటరు వెళ్ళి నీళ్ళ కుళాయి కట్టేశాడు. అప్పటిదాకా అది కారుతున్నట్టు కూడా ఎవరికీ తెలియలేదు.

బావ మూత పట్టుకుని అలాగే నిలబడ్డాడు. ఇంకో జానెడు కిందికి నొక్కితే చాలు. వేల సార్లు నొక్కిన చెయ్యి. ఆ చెయ్యి నొక్కలేదు. మెల్లగా మూత పైకెత్తాడు. రెండో చెయ్యి చెల్లెలికి అందించాడు. ఆవిడ దాన్ని పట్టుకోకుండానే దిగింది. చీర దులుపుకుంది, చెప్పులు వేసుకుంది.

"అన్నం వేడిగా ఉంది. ఇద్దరికీ పెట్టాను. చల్లారకముందే తినండి," అని చెప్పి వెళ్ళిపోయింది.

తర్వాత బావ పనిముట్ల పెట్టె దగ్గరికి వెళ్ళి, పానాలు అటూ ఇటూ కెలికి ఒకటి తీసుకుని, కారు వెనక తలుపు తెరిచి లోపల మోకాళ్ళ మీద కూర్చున్నాడు. కూర్చునే కుషనుని పైకి లాగి బయట పెట్టాడు. దాని వెనక, వీపు ఆనించే సీటు అడుగున, నాలుగు బోల్టులున్నాయి. అది తీసేస్తే డిక్కీకీ సీట్లకీ మధ్య అడ్డు ఉండదు. ఎవరైనా హాయిగా లోపల కూర్చుని, అద్దాలు దించుకుని, వెనక చప్పుడు వినొచ్చు. ఈ బండికే కాదు, షెడ్డుకొచ్చిన ఏ పాత బండికైనా అంతే. అందరికీ తెలిసిన సంగతే.

"అది విప్పితే సగం రోజు పోతుందనేవారుగా ఓనరుగారూ," అన్నాడు పెయింటరు.

"వాగకుండా కిరోసిన్ పట్రా."

బోల్టులు తుప్పు పట్టి మొరాయించాయి. మూడోదాని దగ్గర పానా జారి బావ వేలి కణుపు చెక్కుకుపోయింది. చొక్కా అంచుకి రక్తం తుడుచుకుని మళ్ళీ పట్టాడు. మేస్త్రి సాయం రాబోతే మోచేత్తో వారించాడు. గోడ గడియారం ప్రకారం మొత్తం ఇరవై అయిదు నిమిషాలు పట్టింది. గడియారం వైపు ముగ్గురూ చూశారు.

సీటు బయటికి రాగానే వెనక అద్దంలోంచి ఎండ లోపలికి, ఇన్నేళ్ళుగా మేస్త్రి భుజం ఆనించి పడుకునేలాంటి చోటు దాకా వెళ్ళి పడింది. అది చాలా చిన్న చోటు. వెలుగులో చూస్తే మరీ చిన్నగా ఉంది.

మేస్త్రి గోనెపట్టా పరుచుకుని అక్కడ కూర్చున్నాడు. అటూ ఇటూ అద్దాలు దించాడు. బావ బండి తీశాడు. వీధి చివర గతుకులు. టక్ టక్ టక్. మేస్త్రి మెడ చాచి తల ఒక పక్కకి వంచి విన్నాడు. ఇన్నాళ్ళూ మూసిన రేకు పెట్టెలో ఏ చప్పుడైనా నాలుగు వైపుల నుంచీ తగిలి వచ్చేది. నాలుగు సార్లు తిరిగితే గానీ దాని ఊరు దొరికేది కాదు. ఇప్పుడు అది ఒకే ఒక్క చోటు నుంచి, వేలెత్తి చూపించినట్టు వస్తోంది.

"ఇక్కణ్ణించి ఇంకా బాగా తెలుస్తోంది బావా," అన్నాడు.

ఎత్తిపొడుపు కాదది. పనిలో దొరికిన మంచి సంగతి పక్కవాడికి చెప్పడం, అంతే. వెనక నుంచి బావ మెడ ఎర్రబడటం కనిపించింది. తర్వాతి గతుకులోకి బండిని చాలా నెమ్మదిగా, పసిపిల్లని దించినట్టు దించాడు.

పెట్రోలు పోసే గొట్టం బాడీ రేకులోంచి లోపలికి వచ్చే చోట ఒక రబ్బరు ఉంగరం ఉండాలి. ఎప్పుడు ఊడిపోయిందో, అది లేదు. గొట్టం రేకుని తడుతోంది. మేస్త్రి మందపాటి రబ్బరు నుంచి ఉంగరం కోసి, ఒక పక్క చీల్చి, సబ్బు నీళ్ళతో గొట్టం చుట్టూ తొడిగి లోపలికి తిప్పాడు. మళ్ళీ ఒక చుట్టు వెళ్ళి వచ్చారు. టైర్ల కింద మట్టి నలగడం వినిపించింది. మేస్త్రి జేబులో సుద్దముక్క గుండీకి తగలడం వినిపించింది. షెడ్డు ముందు గతుకు దాటాక బావ, "రేపు డాక్టరుగారి ఆవిడ నిద్రపోతుంది దీంట్లో," అన్నాడు. అన్నం తినేటప్పుడు క్యారేజీలోంచి ముందు మేస్త్రి కంచంలో పెట్టి తర్వాత తను పెట్టుకున్నాడు. ఏ హాస్యమూ ఆడలేదు. పెయింటరే ఉండబట్టలేక, ఉప్పు సరిపోయిందా అని అడిగాడు. సరిపోయిందన్నాడు బావ.

సాయంత్రానికి సీటు బిగించారు. ఈసారి బోల్టులకి గ్రీజు రాసి బిగించాడు బావ, మళ్ళీ విప్పాల్సినవాటికి రాసినట్టు. డాక్టరుగారు పొద్దున్నే ఆరింటికి వస్తానని ఫోను చేశాడు.

షెడ్డు కట్టేసే వేళైంది. మేస్త్రి కారు చుట్టూ తిరిగాడు. ఒక్కో అద్దం వేలెడు దించి, ఒక్కో తలుపూ అరచేత్తో నొక్కి మూశాడు. తుదకి వెనక్కి వచ్చి డిక్కీ మూత మీద చెయ్యి వేయబోయాడు.

"ఉండు బావా," అన్నాడు వెనక నుంచి బావ.

వచ్చి మూత పూర్తిగా పైకెత్తాడు. లోపల స్టెప్నీ, గుడ్డ చుట్టిన జాకీ తప్ప ఏమీ లేవు. మేస్త్రి పక్కనే నిలబడి ఉన్నాడు. పెయింటరు తలుపు దగ్గర చొక్కా మార్చుకుంటున్నాడు. లోపల ఎవరూ లేరని అందరికీ తెలుసు. అయినా బావ పొట్ట బంపరుకి ఒత్తుకునేదాకా వంగి, తల లోపల పెట్టి, కుడి మూల నుంచి ఎడమ మూల దాకా చేత్తో తడిమి చూశాడు.

తర్వాత లేచి, రెండు అరచేతులూ మూత మీద ఆనించి, కొత్త రబ్బరు ఒదిగి చోటిచ్చేదాకా నిదానంగా, చప్పుడు కాకుండా మూశాడు.